బెంగళూరులో ఇంటి దగ్గరే కారు కడగడం, పాలిష్, కోటింగ్: మీ కారుకు ఏది సరిపోతుంది?

"సెరామిక్ చేయిద్దామా, వ్యాక్స్ సరిపోతుందా?" మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు మనవాళ్లు నలుగురు కలిసి కార్ల మాటెత్తితే ముందు వచ్చే ప్రశ్న ఇదే. రెండూ పెయింట్ మీద వేసే రక్షణ పూతలే. నన్నడిగితే ఇది చివర అడగాల్సిన ప్రశ్న. ముందు తేల్చుకోవాల్సినవి రెండు. కారు మీద పోసే నీళ్లు ఎక్కడివి? కారు పగలంతా ఎక్కడ ఉంటుంది? ఈ రెండూ తెలిస్తే ఎలా కడగాలో, ఏం పూయాలో సగం తేలిపోయినట్టే. వీటిని వదిలేసి ముప్పై వేలు పెట్టి కోటింగ్ చేయించుకుని, ఆరు నెలలు తిరక్కుండానే బానెట్ నిండా తెల్ల మచ్చలతో బాధపడేవాళ్లు మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే ఉన్నారు.

ముందు నీళ్ల సంగతి

ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లకు నీళ్లు మూడు దారుల్లో వస్తాయి: కావేరి, బోరు, ట్యాంకర్. సంప్‌లో అన్నీ కలిసిపోతాయి కాబట్టి ఈ రోజు కుళాయిలో వచ్చేది ఏదో చెప్పడం కష్టం. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. చుక్క ఎండలో ఆరితే నీరు పోతుంది, ఖనిజం మిగిలిపోతుంది. గీజర్ కాయిల్‌కు పట్టే తెల్ల పెచ్చు, బానెట్ మీది తెల్ల మచ్చ ఒకే జాతివి. కొత్తలో తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. వారాల తరబడి ఎండకు కాగితే పెయింట్ పైపొరలోకి దిగి చిన్న గుంట చేస్తుంది. అప్పుడు పాలిష్ పట్టడం తప్ప వేరే దారి ఉండదు.

నీళ్లలో కరిగిన ఖనిజాలు, లవణాలు ఎంతో చూపించే టీడీఎస్ మీటర్ అని పెన్నంత పరికరం ఉంటుంది, కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఒకటి కొనండి. తాగే నీటికి మన ప్రభుత్వ ప్రమాణంలో కోరదగిన పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములు. కారు విషయంలో 150 లోపు ఉంటే పెద్దగా టెన్షన్ లేదు. 500 దాటితే ఆ నీళ్లను కారు మీద ఆరనివ్వకూడదు. అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉంటే మీటర్ అంకె మాత్రం తగ్గదు, ఎందుకంటే అది కాల్షియం తీసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది. అయినా మేలే. సోడియం మచ్చ తుడిస్తే పోతుంది, కాల్షియంలా పట్టుకుని కూర్చోదు.

ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. ఆర్‌ఓ ఫిల్టర్ వదిలే వేస్ట్ నీళ్లు పట్టి కారు కడగడం మన ఇళ్లలో బాగా ఉంది. నీళ్లు పారబోయకూడదన్న ఆలోచన మంచిదే. కానీ ఫిల్టర్ తీసేసిన ఖనిజాలన్నీ చేరేది ఆ వేస్ట్ నీళ్లలోకే. కుళాయి నీళ్ల కంటే అవి ఇంకా గట్టి నీళ్లు. వాటిని టైర్లకు, వీల్ ఆర్చ్‌లకు, మడ్‌ఫ్లాప్‌ల బురదకు వాడండి. బాడీ మీద వద్దు. అదే ఏసీ పైపు నుంచి కారే నీళ్లు దీనికి పూర్తిగా వ్యతిరేకం. గాలిలోని తేమ చల్లబడి నీరైంది కాబట్టి అందులో ఖనిజం దాదాపు ఉండదు. గుడ్డలో వడగట్టి పెట్టుకుంటే బాడీకి అంత మంచి నీళ్లు ఉచితంగా ఇంకెక్కడా దొరకవు. మేడ మీద పట్టిన వాన నీళ్లూ అంతే.

చట్టం కూడా గుర్తుంచుకోవాలి. 2024 మార్చిలో నగర నీటి సరఫరా మండలి, అంటే బీడబ్ల్యూఎస్ఎస్‌బీ, తాగే నీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. 2025 ఫిబ్రవరిలో మళ్లీ అదే ఆదేశం ఇచ్చింది. 2024 వేసవిలో బోర్లు ఎండి జనం బిందెలు పట్టుకుని నిలబడటం చూసినవాళ్లకు ఇందులో తప్పేమీ కనిపించదు. అందుకే పైపు పెట్టి కడగడాన్ని ఈ పోలికలో చేర్చడం లేదు.

కడగడంలో నాలుగు దారులు

మొదటిది, పొద్దున్నే వచ్చి తుడిచివెళ్లే మనిషి. నెలకు ఐదు వందల నుంచి వెయ్యి వరకు తీసుకుంటారు. డబ్బుపరంగా ఇదే చవక, పెయింట్‌కు మాత్రం ఇదే అన్నిటికంటే ఖరీదు. తప్పు ఆయనది కాదు. పొద్దున ఏడు గంటల లోపల పాతిక కార్లు తుడవాలి, చేతిలో ఒక బకెట్, ఒక గుడ్డ. మీకంటే ముందున్న కార్ల దుమ్మంతా ఆ గుడ్డలోనే ఉంటుంది. మన రోడ్ల దుమ్ములో సిమెంటు, క్వారీ డస్ట్ కూడా కలిసి ఉంటాయి. అది సన్నని గరుకు పొడి. దాన్ని గుడ్డ కింద పెట్టి రుద్దితే గీతలు పడక తప్పదు. రాత్రి పార్కింగ్‌లో ఫోన్ ఫ్లాష్ ఆన్ చేసి బానెట్‌కు దగ్గరగా పెట్టి చూడండి. వెలుగు చుట్టూ సాలెగూడులా గుండ్రటి సన్నగీతలు కనిపిస్తాయి. నల్ల కారు, ముదురు నీలం కారు అయితే పగలే తెలిసిపోతుంది. డ్రైవర్లు వాడే పసుపు గుడ్డతో, ఈకల బ్రష్‌తో పొడిగా దులిపినా జరిగేది ఇదే.

ఆయన్ను మాన్పించమని నేను చెప్పను, అది ఆయన సంసారం. పని మార్చండి చాలు. "అన్నా, బాడీ వదిలెయ్. అద్దాలు, టైర్లు, లోపల మ్యాట్లు చూసుకో, డబ్బులు అవే ఇస్తా" అంటే ఎవరూ కాదనరు. అద్దం పెయింట్ కంటే గట్టిది, దానికి అంత తేలిగ్గా గీతలు పడవు.

రెండోది, రెండు బకెట్ల పద్ధతి. ఒక బకెట్‌లో కారు షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు. మిట్‌తో, అంటే చేతికి తొడుక్కునే మెత్తని తొడుగుతో, ఒక ప్యానెల్ రుద్దాక ఉత్త నీళ్లలో జాడించి, ఆ తర్వాతే మళ్లీ షాంపూలో ముంచాలి. పైకప్పుతో మొదలుపెట్టి కిందికి రావాలి, తలుపుల కింది భాగం, బంపర్లు చివర. టైర్లకు వేరే గుడ్డ. ముందు దుమ్ము దించడానికి, చివర జాడించడానికి కలిపి నలభై నుంచి అరవై లీటర్లు ఖర్చవుతాయి. ఇల్లు సొంతమై, ముందు కాస్త జాగా, వాన నీళ్ల తొట్టి ఉన్నవాళ్లకు ఇది చక్కని పద్ధతి. గిన్నెల సబ్బు, బట్టల పౌడర్ వాడొద్దు. మీరు పూసిన వ్యాక్స్‌ను అవి మురికి కంటే ముందు కడిగేస్తాయి.

మూడోది ప్రెషర్ వాషర్. బాష్, కార్చర్ లాంటి ఇంటి మెషిన్లు గంటకు 300 నుంచి 400 లీటర్ల లెక్కన నీళ్లు లాగుతాయి, కాబట్టి పది నిమిషాల పనికి యాభై అరవై లీటర్లు. మామూలు పైపు కంటే చాలా తక్కువే. దీని అసలు గొప్పతనం నీళ్ల ఆదాలో లేదు. చెయ్యి తగలకముందే మట్టిని దించేస్తుంది, అందులో ఉంది. వానాకాలంలో వర్తూరు, పణత్తూరు వైపు తవ్వి వదిలేసిన రోడ్ల మీద తిరిగే కార్లకు ఇంతకంటే మంచి సాధనం లేదు. అయితే పార్కింగ్‌లో ప్లగ్ పాయింట్ కావాలి, నీళ్లు పోయే దారి కావాలి, అసోసియేషన్ ఒప్పుకోవాలి. అద్దె ఫ్లాట్‌లో ఈ మూడూ కుదరడం అరుదు. ఇవి లేకుండా మెషిన్ కొంటే బాల్కనీలో మూల పడుతుంది. మరో జాగ్రత్త: పెయింట్ ఊడిన అంచుల దగ్గర, రీపెయింట్ చేసిన ప్యానెల్ మీద, స్టిక్కర్ల మీద నాజిల్‌ను అడుగు కంటే దగ్గరికి తేవొద్దు, పొర లేచిపోతుంది.

నాలుగోది రిన్స్‌లెస్ వాష్. బెంగళూరు ఫ్లాట్లలో ఉండేవాళ్లలో పదిమందిలో ఎనిమిదిమందికి నేను చెప్పేది ఇదే. ఇందులో వాడే ద్రవంలోని పాలిమర్లు దుమ్ము రేణువు చుట్టూ చేరి పెయింట్‌కు రాసుకోకుండా జారేలా చేస్తాయి. నురగ ఉండదు, జాడించే పని లేదు. ఈ రకంలో బాగా పేరున్న ఆప్టిమమ్ నో రిన్స్‌ను 256 వంతుల నీటికి ఒక వంతు కలుపుతారు, అంటే ఐదు లీటర్లకు సుమారు 20 మిల్లీలీటర్లు. ఆ ఐదు లీటర్లతోనే హ్యాచ్‌బ్యాక్ మొత్తం అయిపోతుంది. ఇంత తక్కువ నీళ్లే కాబట్టి ఏసీ నీళ్లు సరిపోతాయి, బోరు మచ్చల బెడద కూడా తీరుతుంది.

చేసేటప్పుడు ఒక క్రమం పాటించాలి. అదే మిశ్రమాన్ని స్ప్రే బాటిల్‌లో పోసి ప్యానెల్ మీద ధారాళంగా కొట్టి, రెండు నిమిషాలు నాననివ్వాలి. ఏడెనిమిది మైక్రోఫైబర్ గుడ్డల్ని బకెట్‌లో వేసి ఉంచుకుని, ఒకటి తీసి కొద్దిగా పిండి నాలుగు మడతలు వేయాలి. చెయ్యి బరువు వేయకుండా ఒకే దిశలో ఒకసారి లాగి, మడత తిప్పి కొత్త వైపుతో తర్వాతి వరస లాగాలి. అన్ని వైపులూ అయ్యాక ఆ గుడ్డ పక్కన పడేయాలి, తిరిగి బకెట్‌లో ముంచకూడదు. ఈ ఒక్క నియమం తప్పితే మొదటి పద్ధతిలోని గీతలే ఇక్కడా పడతాయి. బురద గడ్డకట్టిన కారుకు మాత్రం ఇది పనికిరాదు. ఊరి నుంచి వానలో వచ్చిన రోజు దగ్గర్లోని వాష్ సెంటర్‌లో ప్రెషర్ నీళ్లతో మట్టి మాత్రం కొట్టించండి. "గుడ్డ పెట్టొద్దు, నీళ్లు మాత్రమే" అని ముందే చెప్పి పక్కనే నిలబడండి.

ఏ పద్ధతైనా ఆరబెట్టడం మీ చేతిలోనే ఉండాలి. నీడలో, బానెట్ చల్లారాకే కడగాలి. పెద్ద దళసరి టవల్‌ను బానెట్ మీద పరిచి, రెండు మూలలూ పట్టుకుని మెల్లగా మీ వైపు లాగండి. రుద్దక్కర్లేదు, నీళ్లను అదే తాగేస్తుంది. తర్వాత తలుపులు తెరిచి అంచులు తుడవండి. సైడ్ అద్దాల గూటిలో దాగిన నీళ్లు పది నిమిషాల తర్వాత చారలుగా కారతాయి, కాబట్టి ఆ చోటు రెండోసారి చూడాలి. చివరగా ఒక రౌండు నడిపి నాలుగైదుసార్లు బ్రేక్ వేస్తే డిస్కుల మీద తడి పోతుంది.

పాలిష్ ఎప్పుడు, ఎవరికి

ఇక్కడ అంగళ్లలో సీసా మీద పాలిష్ అనీ, వ్యాక్స్ అనీ కలిపి రాసి అమ్ముతుంటారు. కొనేముందు అది చేసే పని అడగండి. పాలిష్ అరగదీస్తుంది, వ్యాక్స్ పైన పూత వేస్తుంది. కారు పెయింట్ అన్ని పొరలూ కలిపినా 100 నుంచి 150 మైక్రాన్లు, దాదాపు ఒక కాగితం మందం. అందులో పైనున్న రంగులేని పొర, అంటే క్లియర్ కోట్, నలభై చిల్లర. మెషిన్‌తో కాంపౌండ్ (గరుకుగా అరగదీసే పాలిష్) పట్టిన ప్రతిసారీ అందులోంచే కొంత పోతుంది. కాబట్టి సర్వీసుకు వెళ్లినప్పుడల్లా "సార్, రబ్బింగ్ పాలిష్ చేయమంటారా" అని అడిగితే సరేననడం కారుకు మంచిది కాదు. మెరుపు వస్తుంది నిజమే, ఆ మెరుపు మీ పెయింట్ ఖర్చుతో వస్తుంది.

ఎవరికి అవసరం? ఫ్లాష్ పరీక్షలో గీతలు కళ్లకు కొట్టేంతగా ఉన్నవాళ్లకు, నీళ్ల మచ్చలు దేనికీ పోనివాళ్లకు, సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకు. కొత్త కారుకు, తెల్ల కారుకు చాలావరకు అక్కర్లేదు. నీళ్ల మచ్చలకైతే పాలిష్ కంటే ముందు తెల్ల వెనిగర్, ఏసీ నీళ్లు సమానంగా కలిపి, గుడ్డ తడిపి మచ్చ మీద ఒక నిమిషం ఉంచి తుడిచి చూడండి. ఆ వెంటనే మంచి నీళ్లతో తుడిచేయాలి.

పాలిష్‌కు ముందు క్లే బార్, అంటే అతుక్కున్న మురికిని లాగేసే మెత్తని ముద్ద, తప్పనిసరి. చేతికి పలచటి పాలిథిన్ కవర్ తొడిగి, కడిగిన బానెట్ మీద మెల్లగా నిమరండి. గరుగ్గా తగిలితే లోహపు పొడి, తారు, సిమెంటు తుంపర్లు అతుక్కుని ఉన్నట్టే. రిన్స్‌లెస్ మిశ్రమం ధారాళంగా చల్లి క్లే ముక్కను జారిస్తే అవన్నీ అందులోకి వచ్చేస్తాయి. కింద పడిన క్లే ముక్కను మళ్లీ వాడొద్దు. మెట్రో పనుల పక్క నుంచి రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్లకు ఏడాదికోసారి ఇది అవసరపడుతుంది.

మెషిన్ విషయంలో ఒకటే మాట. ఇంట్లో చేసుకునేవాళ్లు తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యుయల్ యాక్షన్ పాలిషర్ తీసుకోండి. రోటరీ ఒకేచోట తిరిగి వేడి పుట్టిస్తుంది, చెయ్యి తిరగనివాళ్లు అంచుల దగ్గర పెయింట్ కాల్చేస్తారు. ఏడాదికోసారి వాడే మెషిన్‌కు డబ్బులు ఎందుకనుకుంటే, మంచి డీటెయిలింగ్ స్టూడియోలో పెయింట్ మందం కొలిచే మీటర్ ఉందో లేదో చూసి ఇవ్వండి. మీటర్ లేకుండా కాంపౌండ్ పట్టేవాళ్లకు ఇవ్వొద్దు. మ్యాట్ ఫినిష్ కార్లకు పాలిష్, వ్యాక్స్ రెండూ వద్దు.

పూతల్లో ఏది?

కార్నాబా వ్యాక్స్ బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. ముదురు రంగు కార్లకు అది ఇచ్చే నిగారింపు నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ ఎండలో ఉండే కారు మీద నెల, నెలన్నరకు మించి నిలవదు. ఆదివారం పూట ఓపిగ్గా కూర్చుని చేసుకోవడం ఇష్టమైనవాళ్లకు ఇది సరైనది. నల్ల ప్లాస్టిక్ భాగాలకు అంటకుండా చూసుకోండి, తెల్లటి మరక తేలిగ్గా పోదు.

స్ప్రే సీలెంట్, సిలికా స్ప్రే అని అమ్మేవి నా లెక్కలో ఎక్కువమందికి సరిపోయే ఎంపిక. కడిగాక ప్యానెల్‌కు రెండు మూడు స్ప్రేలు కొట్టి ఒక గుడ్డతో పరిచి ఇంకో గుడ్డతో తుడిస్తే అరగంటలో అయిపోతుంది. రెండు మూడు నెలలు నిలుస్తుంది. తప్పు జరిగినా మళ్లీ తుడిస్తే సరిదిద్దుకోవచ్చు. ఈ చివరి గుణం సెరామిక్‌కు లేదు.

సెరామిక్ కోటింగ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువ పోయేదీ, అపోహలు ఎక్కువున్నదీ ఇక్కడే. స్టూడియోలో పదిహేను వేల నుంచి నలభై వేల దాకా అడుగుతారు. గట్టిపడ్డాక ఆ పొర మందం ఒకటి రెండు మైక్రాన్లు. "నైన్ హెచ్ హార్డ్‌నెస్, రాయి తగిలినా ఏం కాదు" అంటారు. ఆ నైన్ హెచ్ పెన్సిల్ ములుకులతో గీసి చూసే పరీక్షలోని అంకె. ఎగిరొచ్చే కంకర రాయిని ఆపే శక్తి అంత పలచటి పొరకు ఉండదు. అది నిజంగా చేసేవి వేరే: ఎండ తాకిడిని తట్టుకుంటుంది, పక్షి రెట్టలోని ఆమ్లం లోపలికి దిగేలోపు కడుక్కునేందుకు టైమిస్తుంది, దుమ్ము తేలిగ్గా దిగేలా చేస్తుంది. ఇవి నిజమైన లాభాలే.

బోరు నీళ్ల ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. కోటింగ్ మీద నీళ్లు గుండ్రటి ముత్యాల్లా నిలుస్తాయి. వీడియోల్లో చూపించేది అదే. ఆ ముత్యం ఎక్కడిదక్కడ ఆరితే దాని ఖనిజమంతా ఒకే చుక్క కింద చేరి గట్టి వలయంగా మిగులుతుంది. సెరామిక్ చేయించాక కూడా తుడిచే మనిషి బోరు నీళ్లతో తడిపి వదిలేస్తుంటే, కోటింగ్ లేని కారు కంటే మీ కారు మీదే మచ్చలు ముందు కనిపిస్తాయి. కడిగి ఆరబెట్టే అలవాటు ముందు కుదిరితేనే సెరామిక్‌కు డబ్బు పెట్టండి. ఇంట్లోనే సీసా తెచ్చి పూద్దామనుకునేవాళ్లు, దుమ్ము లేవని చోటు, మంచి వెలుతురు, పూశాక కనీసం ఒక రోజు తడి తగలకుండా ఉంచే వీలు ఉన్నాయో లేదో చూసుకోండి. బేస్‌మెంట్‌లో పక్క కారు కదిలితే లేచే దుమ్ము చాలు, అది పొరలోనే గట్టిపడిపోతుంది.

కొత్త కారు డెలివరీ రోజు షోరూంలో బలవంతం చేసే టెఫ్లాన్ కోటింగ్ వద్దనే చెప్తాను. ఆ పదార్థం ఒక ఉపరితలానికి గట్టిగా పట్టాలంటే 300 డిగ్రీలకు పైన వేడి కావాలి. కారు పెయింట్‌కు అంత వేడి ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఆ డబ్బుతో రిన్స్‌లెస్ ద్రవం, పది గుడ్డలు, స్ప్రే సీలెంట్ కొంటే రెండేళ్లు గడుస్తుంది. ఇంకో మాట, డెలివరీకి ముందు "కారు మీరు తుడవొద్దు, నేనే కడుక్కుంటాను" అని చెప్పండి. మొదటి గీతలు చాలా కార్లకు అక్కడే పడతాయి.

రాళ్ల దెబ్బల భయం ఉన్నవాళ్లకు అసలు మందు పీపీఎఫ్, అంటే పెయింట్ మీద అతికించే పారదర్శక ఫిల్మ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్). 150 నుంచి 200 మైక్రాన్ల ఫిల్మ్, పెయింట్ మొత్తం కంటే మందం. కారు మొత్తానికి అరవై వేల నుంచి లక్షన్నర పైన అవుతుంది. అంత పెట్టక్కర్లేదు. నెలకు రెండుసార్లు అనంతపురం మీదుగా హైదరాబాద్ హైవే పట్టేవాళ్లు ముందు బంపర్, బానెట్, సైడ్ అద్దాలకు మాత్రం వేయిస్తే చాలు. రాళ్లు ఎక్కువగా తగిలేది అక్కడే.

పార్కింగ్‌ను బట్టి

బేస్‌మెంట్ పార్కింగ్, వారానికి రెండు రోజులు ఆఫీసు: రిన్స్‌లెస్ వాష్, మూడు నెలలకోసారి స్ప్రే సీలెంట్. ఇంకేమీ అక్కర్లేదు.

రోడ్డు మీద చెట్టు కింద పార్కింగ్ అయితే లెక్క మారుతుంది. జయనగర్, మల్లేశ్వరం లాంటి పాత ఏరియాల్లో నీడ బాగానే ఉంటుంది, దాంతోపాటు జిగురు చుక్కలూ పడతాయి. చెట్టు మీది పురుగులు వదిలే తీపి రసం అది. ఎండకు గట్టిపడితే గోటికి కూడా రాదు. పక్షి రెట్టలు సరేసరి. డిక్కీలో ఎప్పుడూ ఒక స్ప్రే బాటిల్, రెండు గుడ్డలు పెట్టుకుని కనిపించిన రోజే నానబెట్టి తీసేయండి. ఇలాంటి కారుకే సెరామిక్ తన ధరకు న్యాయం చేస్తుంది.

రోజంతా నడినెత్తి ఎండలో, నీడ లేని ఐటీ పార్కు లాట్‌లో ఉండే కారుకు కూడా సెరామిక్‌నే చూడండి, మీ నీళ్లు మెత్తనివైతే. బోరు నీళ్లు తప్ప వేరే దారి లేనివాళ్లకు స్ప్రే సీలెంట్ మేలు. మచ్చ పడినా ఆ పలచటి పొరతో పాటే పోతుంది, మళ్లీ పూసుకోవచ్చు.

ఆయుధ పూజ రోజు, తిరుపతి వెళ్లొచ్చిన రోజు బానెట్ మీద పసుపు, కుంకుమ తడిపి పెడతాం. కొన్ని కుంకుమల్లో రంగు ఘాటుగా ఉంటుంది, తెల్ల కారు మీద రెండు రోజులు ఎండితే గులాబీ మరక మిగిలిపోతుంది. ముందురోజే ఒక పొర వ్యాక్స్ లేదా సీలెంట్ పూసి ఉంచండి, లేదంటే బొట్టు ముందు అద్దం మూలన పెట్టండి. పూజ బానెట్ మీదే చేసి ఉంటే ఆ సాయంత్రమే తడిగుడ్డ అద్ది తీసేయండి, పొడిగా రుద్దొద్దు. హైవే మీద రాత్రి ప్రయాణంలో బంపర్‌కు అంటిన పురుగులకూ ఇదే పద్ధతి: తడిపిన గుడ్డను పది నిమిషాలు పరిచి ఉంచితే మెత్తబడి వాటంతట అవే వచ్చేస్తాయి.